పెరటి వైపు దారి

మా పాత బజారు వీధిని ఇవాళ చూసేవాళ్ళు ఇది మొదట్నుంచీ ఇలాగే ఉందనుకుంటారు. పొద్దున్నే బ్రెడ్డు కాలే వాసన, మేడల మీద ఆరేసిన చొక్కాలు, కింద కుట్టు మిషన్ల చప్పుడు, బడికి పరిగెత్తే పిల్లలు. కాసేపు నిలబడి "మంచి వీధండీ" అనేసి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మంచి వీధి దానంతటది మొలుచుకు రాదు. దీని వెనక ఒక మనిషి కష్టం ఉంది. ఆ మనిషి మా మరదలు, నా భార్యకి స్వయానా చెల్లెలు. సొంత మరదలు కాబట్టి ఎక్కువ చేసి చెబుతున్నానని ఎవరైనా అంటే అననివ్వండి. తక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు.

నేను ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేశాను. చదివింది ఊరి బడిలో. అయినా నా బస్సు ఎక్కినవాళ్ళలో ఒక్కడూ చిల్లర విషయంలో నన్ను వేలెత్తి చూపలేదు. మా మరదలిదీ ఊరి బడే. మా పెళ్ళయిన కొత్తలో నేను అత్తగారింటికి వెళితే, అప్పటికి చిన్నపిల్ల, నా డ్యూటీ విజిల్ పట్టుకుంది. అన్నం తింటూ వదల్లేదు, నిద్రలోనూ వదల్లేదు. లాగితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. మర్నాడు నేను నోటితోనే ఈల వేసుకుంటూ బస్సు నడిపించాల్సి వచ్చింది. ఆ రోజే దానికి 'పట్టుకారు' అని పేరు పెట్టాను. ఇప్పుడు వీధంతా అదే పేరుతో పిలుస్తుంది. కొత్తవాళ్ళయితే 'పట్టుకారమ్మ గారు' అని గౌరవంగా పిలుస్తారు.

పెళ్ళై ఈ వీధికి వచ్చింది. మా తోడల్లుడు లారీ డ్రైవరు. రోడ్డు మీద హారన్ కొట్టిందంతా కొట్టి, ఇంటికొచ్చాక నోరు విప్పడు. వాళ్ళ అమ్మది పరుపుల కొట్టు. దూది ఏకడం, గుడ్డ కొలవడం, పెద్ద సూదితో పరుపు అంచు బిగించడం అత్తగారి దగ్గరే నేర్చుకుంది. అత్తగారు పోయాక కొట్టు తనే నడిపింది. ఆమె కుట్టిన పరుపులో ఎన్నేళ్ళకీ దూది ఒక మూలకి చేరదు. పక్క కొట్టు వాచీలాయన ఊరికే అనేవాడు కాదు: "నీ పరుపు కొన్నవాడు పొద్దున్నే లేవలేక నా దగ్గరికొచ్చి అలారం కొంటున్నాడమ్మా. ఇద్దరి వ్యాపారం బాగుంది!"

అలాంటి వీధి ఒక్కసారిగా పడిపోయింది. ఊరి బయట నుంచి పెద్ద రోడ్డు వేశారు. బస్సులు లోపలికి రావడం మానేశాయి. ఆఖరి బస్సులో కండక్టరుని నేనే. ఆ రోజు ఈ వీధిలో దిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మా మరదలిదీ, వాచీలాయనదీ తప్ప కొట్లన్నీ ఒకదాని వెనక ఒకటి పెద్ద రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. షట్టర్లకి తుప్పు పట్టింది. కిటికీల్లో పావురాలు కాపురం పెట్టాయి. పనికి వెళ్ళే ఆడవాళ్ళు చీకటితోనే వ్యాన్ ఎక్కి ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్ళి, మళ్ళీ చీకటి పడ్డాక దిగేవారు.

అందరూ కొట్ల గురించి ఏడుస్తుంటే మా మరదలు మాత్రం పై అంతస్తులకేసి చూసేది. ఈ వీధిలో ప్రతి కొట్టు మీదా ఒక ఇల్లుంది. రెండు గదులు, వంటిల్లు, వెనక కిటికీ. మెట్లు మాత్రం కొట్టు లోపల్నుంచే. సొంతవాళ్ళే కింద వ్యాపారం, పైన కాపురం చేసుకున్నన్నాళ్ళూ అది బాగానే సాగింది. తర్వాత కొట్లు అద్దెకిచ్చారు. అద్దెకున్నవాళ్ళు మెట్ల మీద డబ్బాలు పేర్చారు. షట్టరుకి తాళం పడితే పై ఇంటికి దారి ఉండదు. అలా ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది.

"బావా, కొట్టు తెరవమని ఎవరినైనా ఎలా అడుగుతాం? పొద్దున్నే పాలు కొనేవాళ్ళు ఈ వీధిలో పడుకుని ఉండాలి కదా ముందు," అంది ఒకనాడు.

"నువ్వు ఊరందరికీ పరుపులు కుట్టి ఇక్కడ పడుకోబెడతావా ఏంటి?" అన్నాను.

"కుడతాను. నువ్వు మాత్రం అక్కడ కూర్చుని టిక్కెట్లు కొట్టు," అంది.

నా భార్య నవ్వీ నవ్వీ గ్లాసు కింద పెట్టేసింది. మా ఇంట్లో ఎప్పుడూ వాళ్ళిద్దరూ ఒక పార్టీ.

ముందు తన ఇంటితోనే మొదలుపెట్టింది. పెరట్లోంచి పైకి మెట్లు కట్టించింది. పై గదుల్లో పావురాల రెట్ట తనే గోకింది. సున్నం తనే వేసింది. కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళిద్దరు ఫ్యాక్టరీ వ్యాన్ మానేసి వచ్చి పైన చేరారు. వ్యాన్‌లో పోయే పొద్దంతా మిగలడంతో, ఆ పక్క మూసిన కొట్టు తెరిచి స్కూలు సంచులు కుట్టడం మొదలుపెట్టారు. ఇవాళ వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళతో ఆ కొట్టు నిండిపోయి, పని బయట అరుగు మీదికి కూడా వచ్చింది. చూశారా, ఒక్క మెట్ల దారి ఎంత పని చేసిందో!

తర్వాత పురపాలక సంఘం ఆఫీసుకి వెళ్ళింది. ఒకసారి కాదు. వాళ్ళు ఆమెని చూసి కుర్చీ వేసేదాకా వెళ్ళింది. పాత ఇళ్ళు బాగు చేసుకుని మనుషుల్ని పెడితే కలప, సున్నం మేమిస్తాం, చాకిరీ మీదే అని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమె ఆలోచన ఏంటంటే, ఇంటింటికీ వేరే మెట్లు కట్టే చోటు లేదు కాబట్టి, తన పెరటి మెట్ల నుంచే అన్ని ఇళ్ళ వెనకా పై అంతస్తు ఎత్తులో ఒక చెక్క నడవా వేయాలి. అందరూ ఒకే మెట్లెక్కి, ఆ నడవా మీదుగా ఎవరి తలుపులో వాళ్ళు దూరాలి.

ఈ ధైర్యంతోనే బ్రెడ్డబ్బాయిని తీసుకొచ్చింది. అతను బట్టీ పని తెలిసిన కుర్రాడు. భార్యతో పెద్ద రోడ్డుకి అవతల కాలనీలో ఉండేవాడు. తెల్లవారకముందే పిండి కలపాలి. అతను ఆ చీకట్లో లారీల మధ్య రోడ్డు దాటి రావాలి. "నువ్వు బట్టీ పెట్టు. పైన ఇంటి సంగతి నాకు వదిలెయ్" అని మాటిచ్చింది. అతను నమ్మాడు. వాచీలాయన ఇంటికి అవతలి కొట్టులో బట్టీ కట్టాడు. పొగ గొట్టం పైకి పోవడానికి లోపలి మెట్లు పీకేయాల్సి వస్తే, పట్టుకారు మాట మీద పీకేశాడు. నలుగురికి పని దొరికింది. ఇన్నేళ్ళలో సంచుల కొట్టు తర్వాత వీధిలో కొత్తగా తెరిచిన కొట్టు అదే.

ఇప్పుడు బట్టీ మీద ఇల్లుంది, ఇంటికి మెట్లు లేవు. వెనక పెరడేమో కట్టెలతో, నీళ్ళ తొట్టితో నిండిపోయింది. స్తంభం పాతుకోవచ్చు గానీ మెట్లు సాచడానికి చోటు లేదు. నడవా రావాల్సిందే. నడవా రావాలంటే మధ్యలో వాచీలాయన ఇంటి వెనకనుంచి రావాలి. ఆయన ససేమిరా అన్నాడు.

ఆయన మొండితనానికి కారణం ఉంది. ఆయన కింద కొట్టులో గిరాకీ చూస్తాడు గానీ పని చేసేది పైన, వెనక కిటికీ దగ్గర. వీధి వైపు ఎండ కళ్ళలో పొడుస్తుంది. పెరటి వైపు ఉత్తరం. రోజంతా ఒకే తీరు చల్లని వెలుతురు. కంటికి అద్దం బిగించి, ఆవగింజంత మరను పట్టకారుతో ఎత్తే పనికి ఆ వెలుతురే ప్రాణం.

"ఆ కిటికీ ముందు మనుషులు తిరిగితే నీడ నా బల్ల మీద పడుతుందమ్మా. నీడ పడ్డప్పుడల్లా నేను చెయ్యి ఆపాలి. మీ ఇల్లు నిలబెట్టడానికి నా పని పడగొట్టుకోనా?" అన్నాడు.

పట్టుకారుకి కోపం వచ్చిందే గానీ, ఆయన మాట తప్పని అనలేదు. ఇంటికొచ్చి నాతో, "ఆయన అబద్ధమాడుతుంటే బాగుండేది బావా. పోట్లాడుకునేదాన్ని," అంది.

ఈలోగా బ్రెడ్డబ్బాయి భార్యకి నెలలు నిండుతున్నాయి. వాళ్ళమ్మ కబురు పెట్టింది. వచ్చే ఆదివారం జీపు వేసుకుని వస్తాను, ఇల్లు లేకపోతే ఇద్దర్నీ తీసుకుపోతాను, అల్లుడికి మా ఊళ్ళో పెద్ద బేకరీలో పని చూశాను అని. తల్లిని తప్పు పట్టడానికి లేదు. కాన్పు దగ్గరపడ్డ పిల్ల, మొగుడు చీకటితోనే బట్టీకి పోతే, ఆ కాలనీలో ఒంటరిగా ఉండాలి. ఆ కుర్రాడు మా మరదలి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"పిన్నీ, నాకు వెళ్ళాలని లేదు. కానీ అత్తయ్య 'ఇల్లేదీ' అంటే ఏం చూపించను?"

వాళ్ళు పోతే బట్టీ ఆరిపోతుంది. నలుగురి పనీ పోతుంది. మళ్ళీ ఎవరైనా పట్టుకారు మాట నమ్మి ఈ వీధికొస్తారా? ఆమె అన్నం సహించక తిరగడం నేను అప్పుడే చూశాను.

"ఆదివారం ఇంకా రాలేదు కదా," అని మాత్రం అంది. మధ్యలో వాచీలాయన వెనకభాగం వదిలేసి, ఇటు తన వైపూ, అటు బట్టీ వైపూ నడవా వేసేయమని మేస్త్రీకి చెప్పింది. రెండు కొసలూ ఎదురెదురుగా చేతులు చాచుకుని ఉంటే పెద్దాయన మనసు కరుగుతుందని ఆమె ఆశ.

మేస్త్రీ గురించి ఒక్క మాట. మంచి పనివాడు. అతని దగ్గర ఒక కొలకర్ర ఉంది, నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఏ పనికైనా ఆ కర్రే. టేపు చూస్తే అతనికి నవ్వు. "టేపు సాగుతుంది సార్, నా కర్ర సాగదు" అంటాడు. పట్టుకారు పెరట్లో కర్ర పెట్టి నేల నుంచి పై గడప దాకా కొలిచాడు. ఆ కొలతకే అన్ని స్తంభాలూ వడ్రంగి చేత కోయించాడు. పురపాలక సంఘం ఇచ్చిన కలపంతా కోసేశారు.

అతను మరిచిపోయింది ఒక్కటే. ఆ ఇళ్ళు కట్టిన కాలంలో గోడలకి మట్టి వాచీలాయన పెరట్లోంచీ, బట్టీ పెరట్లోంచీ తవ్వారు. ఆ రెండు పెరళ్ళూ మా మరదలి పెరడు కంటే ఛాతీ లోతు పల్లం. మధ్యలో ఎత్తు గోడలుండటంతో ఇటు నిలబడితే అటు కనపడదు. మేస్త్రీ బట్టీ పెరట్లో దిగి, తల వంచి స్తంభాలు పాతి, దూలాలు బిగించి, పలకలు పరిచి, ఆ పలకల మీదే నిలబడి చెమట తుడుచుకుని అప్పుడు తల ఎత్తాడు. ఇంటి గుమ్మం అతని ఛాతీ ఎత్తున ఉంది.

కాసేపటికి మేమందరం అక్కడే ఉన్నాం. బ్రెడ్డబ్బాయి భార్యని మెల్లగా నిచ్చెన ఎక్కించి ఆ పలకల మీద నిలబెట్టారు, సొంత గుమ్మం ఎలా ఉందో చూస్తానని ఆ పిల్లే పట్టుబట్టింది. గుమ్మం మీద రెండు మోచేతులూ ఆనించి మాకేసి తిరిగింది.

"పిన్నీ, ఇప్పుడు నేను ఇంట్లోకి వెళ్ళాలా, ఎగరాలా?"

నవ్వుతూనే అంది. కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి.

"ఏం మేస్త్రీ, నీ కర్ర సాగదన్నావు. కుంగిందా?" అన్నాను నేను.

"కర్ర సరిగ్గానే ఉంది సార్. నేలే మోసం చేసింది," అన్నాడు.

"నేల మీద కేసు పెడదామా?" అంది పట్టుకారు. కొత్త కలప రాదు. ఉన్నది పొట్టిదైపోయింది. ఆదివారం ఎల్లుండి.

అప్పుడు పక్క ఇంటి వెనక కిటికీ తెరుచుకుంది. వాచీలాయన తల బయటపెట్టాడు, కంటికి అద్దం అలాగే ఉంది.

"నా వెలుతురు జోలికొస్తే ఇంతే అవుతుంది!" అన్నాడు. ఆయనకి సంతోషం ఆగడం లేదు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. అద్దం తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మాయ్, కొంచెం ఇటు రా. ఈ చివరికి."

ఆ పిల్ల పలకల చివర దాకా, ఆయన గోడ పక్కకి వచ్చింది.

"అక్కడే నిలబడు. కదలకు." ఆయన లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చున్న చప్పుడు వినిపించింది. "నిలబడ్డావా?"

"నిలబడ్డానండీ!"

"పూర్తిగా నిలబడ్డావా? వంగి లేవు కదా?"

"ఈ పొట్టతో ఎలా వంగుతానండీ?"

"మరి నాకు కనపడవేంటి? జడ క్లిప్పు ఒక్కటే కనపడుతోంది!"

నేను ఏదో అనబోతే మా మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి నా మణికట్టు రెండు రోజులు నొప్పెట్టింది. ఆమె జీవితంలో నోరు మూసుకుని ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆయన తనంతట తను చెప్పాలని ఆగింది.

"ఆ పొడుగు కండక్టరుని పంపండి," అని లోపల్నుంచి కేక వచ్చింది.

నేనెక్కాను. నా నెత్తి మీద ఖాళీ బ్రెడ్డు బుట్ట పెట్టి నడవమన్నాడు. నడిచాను.

"ఇదిగో, నీడ! బల్ల మీద పడింది! దించు, దించు. బుట్ట చంకలో పెట్టుకో. మళ్ళీ రా."

మళ్ళీ నడిచాను. తర్వాత కిటికీలోంచి తల వచ్చింది.

"నా పెరడు కూడా ఇంతే పల్లం. ఈ ఎత్తులోనే వేస్తానంటే వేసుకోండి. నా కిటికీ ముందు ఎవరూ నెత్తిన ఏమీ మోయకూడదు. బట్టలు ఆరేయకూడదు. మేస్త్రీ మాత్రం ఆ కర్ర పారేయకూడదు. ఒక్కసారైనా ఆ కర్ర నాకు పనికొచ్చింది."

"పారేస్తానా సార్?" అన్నాడు మేస్త్రీ, కర్రని చంకలో పెట్టుకుంటూ.

పట్టుకారు అప్పుడు నోరు విప్పింది. "అన్నయ్యగారూ, మీ కిటికీ అద్దాలు నేనే తుడిచిపెడతాను, వారం వారం."

"నువ్వు తుడిస్తే అద్దం మిగలదు. నా అద్దాలు నేనే తుడుచుకుంటాను," అన్నాడాయన.

ఇక నడవా ఇటు నుంచి వచ్చి, వాచీలాయన ఇంటి దగ్గర దిగి, బట్టీ గుమ్మం దగ్గర మళ్ళీ ఎక్కాలి. దిగడానికి, ఎక్కడానికి చిన్న మెట్లు కావాలి. కలప లేదు కదా. బట్టీ కోసం పీకేసిన లోపలి మెట్లు కట్టెల కింద పడి ఉన్నాయి. బ్రెడ్డబ్బాయి వాటిని పొయ్యిలో పెట్టకుండా ఎందుకుంచాడో అతనికే తెలియదు. మంచి పాత టేకు. వడ్రంగి వాటిని రెండుగా కోశాడు. ఇటు సగం, అటు సగం. మా తోడల్లుడు ఆ శనివారం లారీ ఎక్కలేదు. పొద్దుటి నుంచి మేకులు అందిస్తూ నిలబడి, సాయంత్రానికి ఒక్క మాటన్నాడు: "అయిపోయింది." వీధంతా చప్పట్లు కొట్టింది. ఆయన అంత మాట్లాడటం ఎవరూ వినలేదు మరి.

ఆ నడవా ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్ళింది. ఇంటివాళ్ళే వచ్చి అడిగి వేయించుకున్నారు. ఈ వీధిలో పై ఇల్లు ఒక్కటీ ఖాళీగా లేదు. వడ్రంగికి కిటికీల పని తెమలడం లేదు. మేస్త్రీ కింద పని నేర్చుకున్నవాళ్ళు పక్క ఊళ్ళలో పాత ఇళ్ళు బాగు చేస్తున్నారు, వాళ్ళ చేతుల్లోనూ కర్రలున్నాయి, కాకపోతే ముందు పెరడు చూసి వస్తారు. వాచీలాయన కిటికీ దగ్గరికి రాగానే ఎవరైనా సరే నెత్తి మీది బుట్ట చంకలోకి దించుతారు. చిన్నపిల్లలు కూడా బడి సంచి దించుతారు. ఎందుకని అడిగితే చెప్పలేరు, అలవాటైపోయింది. ఇదంతా చూడటానికి వేరే ఊళ్ళ నుంచి ఆఫీసర్లు వస్తుంటారు. మా మరదలు పరుపు అంచు బిగిస్తూనే, "చూడండి, అదే దారి" అని సూదితో చూపిస్తుంది. దాని మొహంలో గర్వం కనపడదు. అందుకే ఆ పని నేను చేయాల్సి వస్తోంది.

కానీ ఆ ఆదివారం ఇవేవీ లేవు. వేసింది ఒక్క నడవా, తడి సున్నం వాసన వేసే రెండు గదులు.

జీపు పదకొండింటికి వచ్చింది. తల్లి దిగింది. భారీ మనిషి, మొహం నిండా దిగులు. జీపు వెనక ఏవో మూటలు కట్టి ఉన్నాయి. డ్రైవరుతో, "ఇంజను ఆపకు, పది నిమిషాల్లో సామాను ఎక్కిద్దాం," అంది.

పట్టుకారు ఎదురెళ్ళింది. "వదినగారూ, ఒక్కసారి పైకి వచ్చి చూడండి. తర్వాత మీ ఇష్టం."

తల్లి మెట్లెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆయాసపడుతూ గది మధ్య నిలబడి గోడ తట్టి చూసింది. పొగ గొట్టం పోయే గోడ గోరువెచ్చగా ఉంది. కిటికీ తెరిచింది, మూసింది. వంటింట్లో నీళ్ళ పంపు తిప్పింది. ఇల్లు బాగానే ఉందని మొహం చెప్పింది, నోరు చెప్పలేదు.

"ఇల్లు సరే. అల్లుడు కిందికి పోయి పిండి కలుపుతుంటాడు. ఆ చప్పుడులో అతనికేం వినిపిస్తుంది? నీకు నొప్పులొస్తే ఎవర్ని పిలుస్తావు?" అంది కూతురితో.

కూతురు గుమ్మం దాకా వెళ్ళి, కేక కూడా కాదు, మామూలుగా మాట్లాడే గొంతుతో, "పిన్నీ," అంది.

"ఏంటమ్మా?" అన్నారు కుట్టు మిషన్ల అక్కచెల్లెళ్ళు, అటు గదిలోంచి ఇద్దరూ ఒక్కసారే.

"చెప్పవే, వస్తున్నా," అంది నా భార్య మెట్ల దగ్గర్నుంచి.

పక్క కిటికీలోంచి వాచీలాయన గొంతు వినిపించింది: "పిన్నీ అన్నావు కాబట్టి నేను పలకకూడదు గానీ, ఏమైంది?"

తల్లి ఆ కిటికీ వైపు చూసింది. "ఎవరాయన?"

"పక్కింటాయన. వాచీలు బాగుచేస్తారు," అంది కూతురు.

"ఎప్పుడూ అక్కడే కూర్చుంటాడా?"

"వెలుతురు ఉన్నంతసేపూ," అంది పట్టుకారు. "చీకటి పడ్డాక నేనుంటాను. నాకు నిద్ర తక్కువ. మీ అమ్మాయి దగ్గితే లేస్తాను."

"అది నిజమే వదినగారూ. మేము దగ్గినా లేస్తుంది, తిడుతుంది కూడా," అన్నాను నేను.

తల్లి నవ్వలేదు. గుమ్మంలోనే కూర్చుంది, కొంగుతో మెడ తుడుచుకుంది. బ్రెడ్డబ్బాయి చేతులకి పిండి అంటుకుని ఉండగానే పరిగెత్తుకొచ్చి నడవాలో నిలబడ్డాడు. మా మరదలు కూతురి మొహం చూడలేదు, తల్లి మొహమూ చూడలేదు, నేల చూస్తూ నిలబడింది.

కింద జీపు డ్రైవరు హారన్ కొట్టాడు.

"అమ్మా! పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. సామాను ఎక్కించాలా, ఏం చేయమంటారు?"

తల్లి గుమ్మం పట్టుకుని మెల్లగా లేచింది. వీధి వైపు కిటికీ దాకా వెళ్ళి కిందికి తొంగి చూసింది.

"ఇంజను ఆపు," అంది. "వెనక మూటల్లో నీలం దుప్పటి కట్టింది నాది. పైకి తీసుకురా. కాన్పు అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను."

తర్వాత మా మరదలి వైపు తిరిగి, "మీ మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి వదినా. వాటి సంగతి చూడండి," అంది.

"రేపే," అంది పట్టుకారు.